ఆడని సినిమాలో జోలపాట

పొద్దున్నే కూతురింటి మెట్లెక్కడం ప్రూఫమ్మకు అలవాటు. అల్లుడు లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎన్నో లిఫ్టులకు ప్రాణం పోసిన ఆ అబ్బాయి అద్దెకుంటున్న భవనానికి మాత్రం లిఫ్టు లేదు. లోకాన్నంతా పైకి తెచ్చేవాడు అత్తగారి చేత మాత్రం మెట్లెక్కిస్తున్నాడని ఆమె మొదట్లో నవ్వుకునేది. కొన్నాళ్ళుగా ఆ నవ్వు పోయింది. ఆయాసం మాత్రం మిగిలింది. అది మెట్ల వల్ల వచ్చిన ఆయాసం కాదు. తాను పైకెక్కుతుంటే తనకెదురుగా కిందికి దిగివచ్చే పాట వల్ల వచ్చింది.

"ఒళ్ళో ఉన్నావంటే ఊరంతా నాదే, కళ్ళు మూసుకోవే, కథ రేపు చెబుతా..."

పాడుతున్నది వియ్యపురాలు. నిద్రపోతున్నది మనవరాలు. కాలుతున్నది ప్రూఫమ్మ కడుపు.

ప్రూఫమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ప్రెస్సువాళ్ళు పెట్టింది. సినిమా పాటల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఆమె పనిచేసి రిటైరైంది. అరచేతిలో ఇమిడే పల్చటి పుస్తకాలవి. సినిమా విడుదలకు ముందే రికార్డు వచ్చేది. ప్రూఫమ్మ దాన్ని అరగదీసి విని, మాటమాటా రాసి, ప్రతి పాట పైనా చిన్న అక్షరాల్లో సందర్భం కూడా వేయించేది. నాయిక బావి దగ్గర, నాయకుడు జైల్లో, ఇద్దరూ వానలో. అచ్చుతప్పు కనబడిందంటే ఆమెకు చచ్చు కునుకు కూడా పట్టేది కాదు. అచ్చులూ హల్లులూ ఆమెను చూస్తే లేచి నిలబడేవని కంపోజిటర్లు చెప్పుకునేవారు.

రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేకుండాపోయాయి. అందుకని మనుషుల్ని దిద్దడం మొదలుపెట్టింది. పాటలను లోకమంతా తప్పుగానే పాడుతుందని ఆమె అనుభవం. "గుండె గుడిలో దీపం నీవే" అన్న పాటను పక్క వాటా టీచరు "గుండె గదిలో టీపాయ్ నీవే" అని పాడేది. "వెన్నెల వాకిట వేచితి" అన్న విరహాన్ని పాలవాడు "వెన్నెల వాకిట వేయించితి" అని వంటగదిలోకి లాక్కుపోయాడు. ప్రూఫమ్మ ఎవరినీ వదల్లేదు. టీచరును టీపాయ్ మీద నుంచి లేపింది, పాలవాణ్ణి పెనం మీద నుంచి దించింది.

దించలేకపోయింది ఒక్క వియ్యపురాలినే.

తలుపు తెరిచే ఉంది. వియ్యపురాలు కిటికీ పక్కన చాప మీద కూచుని, చాచిన కాళ్ళ మీద పసిదాన్ని పడుకోబెట్టుకుని, మోకాళ్ళు అటూ ఇటూ ఊపుతూ పాట ముగింపుకు వచ్చింది.

"నీ మూతి ముద్దాడి, నీ మెడ నే పట్టి, నిన్నెత్తుకున్నాక మేకెక్కడుందే..."

బుజ్జిది చివరి మాట దగ్గర ఓసారి బోసినోటితో నవ్వి, నవ్వు నవ్వుగానే నిద్రలోకి జారుకుంది.

"నేల, వదినగారూ," అంది ప్రూఫమ్మ చెప్పులు విడుస్తూ. "నిన్నెత్తుకున్నాక నేలెక్కడుందే. మేక కాదు. ఆ పాటలో ఎక్కడా మేక లేదు."

"పోనీలెండి వదినగారూ. దీనికి మేకే ఇష్టం."

"ఇష్టానికేముంది, రేపు ఏనుగంటుంది. అంటే ఏనుగును ఎక్కిస్తామా?"

"అడిగితే ఎక్కిద్దాం," అని వియ్యపురాలు మెల్లగా నవ్వి, పసిదాని బుగ్గ మీద దిష్టిచుక్కను కొనవేలితో సర్దింది.

ఆ కొనవేలు చూస్తేనే ప్రూఫమ్మకు మండింది. స్కూలు యూనిఫారాలు కుట్టీ కుట్టీ సూదిపోట్లతో గరుకెక్కిన వేలు అది. పట్టులాంటి ఆ బుగ్గ మీద అంత గరుకు వేలు పడితే పిల్ల ఉలిక్కిపడాలి కదా. పడదు. ప్రూఫమ్మ మెత్తటి వేళ్ళతో ఎత్తుకుంటేనే మొహం చిట్లించి, కాళ్ళు తన్ని, చుట్టుపక్కల వాటాలన్నీ వినేలా ఏడుస్తుంది.

ఆమె ప్రయత్నించకపోలేదు. అదే పాటను తప్పుల్లేకుండా, ఊపిరి ఎక్కడ పీల్చాలో అక్కడే పీల్చి పాడింది. జోల కాస్తా గోలయింది. పంతం చంపుకుని ఓ రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడు మాటున "మేకెక్కడుందే" అని సాధన కూడా చేసింది. ముప్పై ఏళ్ళు తప్పులు కొట్టేసిన మనిషి నోరు, తప్పును పాడాల్సి వచ్చేసరికి మేకను ముళ్ళకంప మీదుగా లాగినట్టు లాగింది. బయటికి వచ్చి పాడితే బుజ్జిది ఒక్క క్షణం ఆమె మొహంలోకి అనుమానంగా చూసి, ఏడుపు లంకించుకుంది. వియ్యపురాలు వచ్చి ఎత్తుకోగానే టక్కున ఆపేసింది.

"నువ్వు పాడుతుంటే దిద్దుతున్నట్టుంటుందమ్మా," అంది కూతురు డ్యూటీకి తయారవుతూ. ఆసుపత్రిలో మందులిచ్చే కౌంటరు ఆ అమ్మాయిది. ఇంట్లో కూడా మాటలు మోతాదు చూసే ఇస్తుంది. "చిన్నప్పుడు నేనూ అలాగే ఏడ్చేదాన్నేమో."

"నువ్వు ఏడ్చేదానివి కాదు. నీకు సంధులు వచ్చు."

"అదే చెబుతున్నా." కూతురు గడియారం చూసుకుంది, తర్వాత తల్లిని చూసింది. "అమ్మా, నువ్వు రోజూ ఇంత దూరం రావడం ఎందుకు చెప్పు? అత్తయ్య చూసుకుంటున్నారుగా. ఆదివారాలు వస్తే చాలదూ? నీ మోకాళ్ళ సంగతి ఆలోచించి చెబుతున్నా."

మోకాళ్ళ సంగతి విన్న ప్రూఫమ్మకు గుండె పట్టుకుంది. నిఘంటువు అవసరం లేకుండానే అర్థమైంది. రోజూ రావద్దు అంటే, నీతో పని లేదు అని. ఆమె ఇల్లు రెండు బస్సులు మారితే వస్తుంది. అక్కడ భర్త ఫోటో, ఆగిపోయిన ఇస్త్రీపెట్టె, మాట్లాడే మనిషి లేని గోడలు. మనవరాలు పుట్టాకే ఆ ఇంట్లో పొద్దున లేవడానికి ఆమెకొక కారణం దొరికింది. ఇప్పుడా కారణాన్ని వారానికొకసారికి కుదిస్తున్నారు.

కుదించింది కూతురే. కానీ కోపం కూతురి మీదికి పోలేదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు సూటిగా వియ్యపురాలి మీదికే పోయింది.

*

ఆదివారం భోజనానికి అల్లుడి సూపర్‌వైజరు, ఆయన భార్య వచ్చారు. భోజనాలయ్యాక బుజ్జిది చిరాకుపడితే వియ్యపురాలు ఒళ్ళో వేసుకుని పాట అందుకుంది. సూపర్‌వైజరు భార్య ఫోను తీసి రికార్డు చేసుకుంది.

"మా అత్తయ్య కూడా ఈ జోలే పాడేదండీ. రేడియోలో జోలపాటల కార్యక్రమంలో రోజూ వచ్చేది. మీ గొంతులో మరీ బావుంది. నిజంగా మీ మనవరాలు అదృష్టవంతురాలు."

"ఇద్దరు నాయనమ్మలున్నట్టే దీనికి," అంది కూతురు తల్లిని కూడా కలుపుకుందామని. కలుపుతూనే నాయనమ్మను చేసేసింది. అమ్మమ్మ అన్న మాటకు ఆ ఇంట్లో చోటే లేనట్టనిపించింది ప్రూఫమ్మకు. అసలే శ్రుతి మించి ఉన్న ఆమె మనసు ఆ మాటతో తాళం కూడా తప్పింది.

"అది జోల కాదండీ," అంది.

అందరూ తిరిగి చూశారు.

"ఆ పాట పుస్తకం నా చేతుల మీదుగానే అచ్చయింది. సినిమా ఆడలేదు, పాటొక్కటే బతికింది. ఎవరో తెలియక జోలపాటల్లో వేశారు, అప్పట్నుంచీ లోకమంతా పిల్లలకు పాడుతోంది. సందర్భం నాకు గుర్తుంది. నాయకుడు తాగి, సీసాను ఒళ్ళో పెట్టుకుని పాడతాడు." ఆమె వేళ్ళు మడుస్తూ ప్రెస్సులో కొత్తవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. "మూతి ముద్దాడటం, మెడ పట్టుకోవడం, ఎత్తుకున్నాక నేల కనబడకపోవడం. పసిపిల్ల కాదు, మందు సీసా. మా వదినగారు పాపం రోజూ దీనికి సీసా పాటే పాడుతున్నారు."

సూపర్‌వైజరు పగలబడి నవ్వాడు. "అంటే అన్నాళ్ళూ మా అమ్మ మా పిల్లలకు మందు పోసిందన్నమాట." ఆయన భార్య కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రూఫమ్మకు కడుపులో చల్లగా అనిపించింది. చాలా రోజులకు ఆ ఇంట్లో అందరూ తన మాట విన్నారు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. వియ్యపురాలు పసిదాని వైపు చూడటం మాని కొడుకు వైపు చూసింది. కొడుకు చేతిలోని మంచినీళ్ళ గ్లాసును తాగకుండానే బల్ల మీద పెట్టాడు.

"మా నాన్న పాడేవారు ఆ పాట," అన్నాడు. "నాకోసం. పనినుంచి ఇంటికొస్తూ, వీధి మలుపులోనే మొదలుపెట్టేవారు."

"పాడితే ఏముంది బాబూ, అందరూ జోలనుకునే పాడారు," అంది ప్రూఫమ్మ.

"అంతేలెండి," అన్నాడు. కాసేపటికి ఏదో లిఫ్టు ఇరుక్కుందని ఫోను వచ్చిందంటూ చెప్పులేసుకున్నాడు. ఫోను మోగిన చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు.

*

మర్నాడు మెట్ల మీద పాట ఎదురు రాలేదు. ఏడుపు ఎదురొచ్చింది. వియ్యపురాలు బుజ్జిదాన్ని భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతోంది, పాడటం లేదు. ప్రూఫమ్మ గెలిచింది. గెలిచినవాళ్ళకు వినబడాల్సిన చప్పట్ల బదులు పసిదాని వెక్కిళ్ళు వినబడుతున్నాయి.

"పాడండి వదినగారూ, నేనేమీ అనుకోను," అంది చివరికి.

వియ్యపురాలు పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. ఏడ్చి ఏడ్చి అలిసి మధ్యాహ్నానికి పిల్ల దానంతటదే నిద్రపోయింది. ఇద్దరూ బాల్కనీలో బట్టలారేస్తున్నారు. వియ్యపురాలు కొడుకు చొక్కా దులిపి తీగ మీద వేసి, దాని వైపే చూస్తూ అంది.

"అది సీసా మీది పాటని నాకు తెలీదనుకున్నారా?"

ప్రూఫమ్మ చేతిలో క్లిప్పు అక్కడే ఆగింది.

"ఆ సినిమా నేను చూశాను వదినగారూ. పెళ్ళయిన కొత్తలో ఆయనే తీసుకెళ్ళాడు. హాల్లో పట్టుమని పదిమంది లేరు. ఆ పాట ఆయనకి అంటుకుంది. ముందు పాట అంటుకుందో ముందు సీసా అంటుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. సాయంత్రం అయ్యేసరికి వీధి మలుపు నుంచే పాడుకుంటూ వచ్చేవాడు. పాట వినబడితే వీడు మంచం కిందికి దూరేవాడు. పాట వెనకాల ఏమొస్తుందో వీడికి తెలుసు."

ఆమె ఇంకో బట్ట పిండింది. పిండాల్సినంత నీళ్ళు అందులో లేవు.

"ఆయన్ని ఆపితేగా పాట ఆగేది. నా వల్ల కాలేదు. అందుకని పగలంతా అదే పాట నేను వీడికి పాడేదాన్ని. అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ, పడుకోబెడుతూ. ఇది నీ పాటరా, నాన్న నీకోసమే పాడుకుంటూ వస్తున్నాడు, నువ్వు కళ్ళు మూసుకుంటే సంతోషపడతాడు అని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి మంచం కిందికి పోవడం మానేశాడు. మలుపులో పాట వినబడగానే నా ఒళ్ళోకొచ్చి కళ్ళు మూసుకునేవాడు. నిద్ర కూడా పట్టేసేది. ఆ తర్వాత ఏం జరిగినా నాతోనే పోయేది."

"మరి ఆ మేక..." అంది ప్రూఫమ్మ. అన్నాక ఎందుకన్నానా అనుకుంది.

"ఆయన వచ్చి పడేది నేల మీదే వదినగారూ. పొద్దున్నే వీడు లేచి చూసేదీ అదే. ఆ మాట నా నోటికి రాలేదు. మేకని పెట్టాను. వీడు నవ్వాడు. నాకదే చాలనిపించింది."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తన్నుతున్నారు. ప్రూఫమ్మ ఆ చప్పుడే వింటున్నట్టు తల వంచుకుంది.

"ఆయన పోయేనాటికి వీడు చిన్న క్లాసులో ఉన్నాడు. తండ్రి దగ్గర్నుంచి వీడికి మిగిలింది ఆ పాటొక్కటే. మీరు నన్ను ఏమన్నా పడేదాన్ని. నాకు పాటలు సరిగ్గా రావు, నిజమే. కానీ నిన్న మీరు వాడి నాన్నని దిద్దేశారు."

వియ్యపురాలు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ప్రూఫమ్మకు తేలికయ్యేది, జవాబు చెప్పగలిగేది. ఆమె తడి బట్టల మధ్య నిలబడి, తాను ఇన్నాళ్ళూ ఈర్ష్యపడింది దేన్ని చూసో అప్పుడు చూసుకుంది. పసిదాన్ని నిద్రపుచ్చే కిటుకేదో ఈమె దగ్గరుందని కుళ్ళుకుంది. ఆ కిటుకు ఈమె ఎక్కడ నేర్చుకుందో ఒక్కనాడూ అడగలేదు. చెంపలు తడిసినా తుడుచుకోలేదు. తడిసిన వాటి మధ్య ఇంకో రెండు.

"క్షమించండి," అనబోయింది.

"నాకు చెప్పి ఏం లాభం?" అంది వియ్యపురాలు బకెట్టు అందుకుంటూ.

*

సాయంత్రం అల్లుడు పెందలాడే వచ్చాడు. పిల్లను పలకరించి, కిర్రుమంటున్న బాల్కనీ తలుపు బందు విప్పి నూనె వేయడానికి కూచున్నాడు. వియ్యపురాలు వంటింట్లో ఉంది. కూతురు ఇంకా రాలేదు. ప్రూఫమ్మ వెళ్ళి అతని పక్కనే గడప మీద కూచుంది.

మధ్యాహ్నం నుంచీ ఎన్ని వాక్యాలు కూర్చుకుందో. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"బాబూ, నిన్న నేను పొరబడ్డాను."

అతను తలెత్తాడు.

"ఆ సీసా సందర్భం వేరే పాటది. అదే నెలలో వచ్చిన ఇంకో సినిమా. రెండు పుస్తకాలూ ఒకే రోజు నా బల్ల మీదున్నాయి. వయసు మీద పడింది కదా, కలగాపులగం చేసేశాను. ఇది జోలపాటే. నాయకుడు పనినుంచి ఇంటికొస్తూ బిడ్డకోసం పాడతాడు. రాత్రంతా ఆలోచిస్తే గుర్తొచ్చింది."

ప్రెస్సులో ఉన్నన్నాళ్ళూ, యజమాని బతిమాలినా, నిర్మాత బెదిరించినా ఒక్క అక్షరం తప్పుగా వదలని మనిషి ఆమె. ఒకసారి దీర్ఘం పోయిందని అచ్చయిన కట్టలన్నీ వెనక్కి తెప్పించింది. అలాంటి మనిషి తెలిసి తెలిసి, నోరారా, ఒప్పును తప్పని చెప్పింది. మనవరాలి దగ్గర పరువు, కూతురి దగ్గర మాట, తన దగ్గర తనకున్న ఒకే ఒక్క గొప్ప, అన్నీ ఆ గడప మీద పెట్టేసినట్టయింది.

అల్లుడు నూనె డబ్బా మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు.

"ఆ రెండో సినిమా పేరేంటత్తయ్యా?"

ఆమెకు అబద్ధానికి అనుభవం లేదు. "అదీ... అదే గుర్తు రావట్లేదు బాబూ."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. ఎక్కడ పట్టేసిందో చూడకుండా చేయి పెట్టని మెకానిక్ చూపు అది.

"మీరు పొరబడ్డారంటే మీ ప్రెస్సులో ఎవరూ నమ్మరేమో."

"వాళ్ళతో నాకేం పని? నువ్వు నమ్మితే చాలు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతను ఒకసారి అటు చూశాడు. తల్లి కనబడలేదు. కానీ తలుపు వారగా ఆమె చీర కుచ్చెళ్ళు కనబడుతున్నాయి. కదలడం లేదు.

"నమ్ముతానత్తయ్యా," అన్నాడు. నిదానంగా, ఒక నిర్ణయం చెప్పినట్టు. తర్వాత, "నాన్న బాగా పాడేవారు," అన్నాడు.

"వినలేకపోయాను. వినుంటే బాగుండేది," అంది ప్రూఫమ్మ. అది మాత్రం అబద్ధం కాదు.

అతను తలుపును అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు. వెళ్తూ వెళ్తూ అత్తగారి భుజం మీద ఒక్క క్షణం చేయి వేశాడు. పెళ్ళయ్యాక ఆ అబ్బాయి అంత చనువు తీసుకోవడం అదే మొదలు.

లోపల బుజ్జిది లేచి రాగం అందుకుంది. ప్రూఫమ్మ లేవలేదు. తను వెళ్ళి లాభం లేదని ఆమెకు తెలుసు. వియ్యపురాలే ఎత్తుకుని వచ్చింది. వచ్చి, భుజాన వేసుకుని తట్టకుండా, వంగి పిల్లను ప్రూఫమ్మ ఒళ్ళో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మామూలుగానే ఉంది.

"తల కింద చెయ్యి పెట్టండి. అలా కాదు, కొంచెం వదులుగా."

బుజ్జిది ఆమె మొహంలోకి చూసి పెదవి విరిచి, కాళ్ళు తన్ని, ఏడుపు రెట్టించింది. ప్రూఫమ్మ అలవాటు ప్రకారం పిల్లను తిరిగి ఇవ్వబోయింది. వియ్యపురాలు చేతులు చాపలేదు. గడప పక్కనే కూచుంది.

"ఏడవనివ్వండి వదినగారూ. మీ ఒళ్ళు దానికి కొత్త. కొత్త పోవాలంటే ఎత్తుకునే ఉండాలి."

"మా అమ్మాయి ఆదివారాలు వస్తే చాలంది," అంది ప్రూఫమ్మ. అనకూడదనుకుంటూనే అనేసింది.

"మీ అమ్మాయికి నేను చెబుతాలెండి." వియ్యపురాలు చెంగుతో పిల్ల ముక్కు తుడిచి, అదే చెంగు ఇంకో కొసతో ప్రూఫమ్మ చెంప తుడిచింది. "రేపు నేను కళ్ళజోడు మార్పించుకోవాలి. పొద్దున వెళ్తే ఎప్పటికి వస్తానో తెలీదు. ఇది పుట్టిన దగ్గర్నుంచీ దీన్నెవరికీ వదిలి గడప దాటలేదు నేను. మీరొచ్చాక వెళ్తాను. వస్తారుగా?"

ప్రూఫమ్మ తలూపింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆమె ఇవ్వలేదు, వియ్యపురాలు తీసుకోలేదు.